వినువారిని గూర్చి కొన్ని మాటలు

సంగీత విమర్శ యనగా గాయకుని విమర్శ యనియే మనవారు సామాన్యముగా తలంతురు. శ్రుతి కలిసెనా, లయ తప్పెనా, రాగచ్ఛాయ నిలిచెనా, సాహిత్యము స్పష్టముగా పలికెనా యని విచారించి, బాగుగ నున్నదనియో లేదనియో తీర్పు చెప్పి విమర్శకుడు లేచిపోవును. వేదిక కెదురుగా కూర్చున్న వేయిమందిని గూర్చి అతడొక్క మాటయు వ్రాయడు. కాని కచేరి యనునది పాడువాడొక్కడే చేయునది కాదు. వినువారును అందు భాగస్వాములే. మంచి శ్రోతలు లేనిచోట మహావిద్వాంసుడు సైతము కాలక్షేపము చేసి పోవును. తెలిసి తలయూచువారు నలుగురున్నచో సామాన్య గాయకుడు కూడ ఆ పూట తన శక్తికి మించి పాడును. కావున ఈ వ్యాసమున మేము గాయకులను విడిచి శ్రోతలను విమర్శింపదలచితిమి. పెక్కేండ్లుగా సభలకును, ఆరాధనోత్సవములకును, ఇటీవల టెలివిజను చిత్రీకరణములకును పోయి వినుచున్నారము గనుక ఈ మూడు చోట్లను పోల్చి చూచుటకు మాకు అవకాశము కలిగినది.

మొదట సభను గూర్చి. పూర్వము సంగీతము రాజాస్థానములందును, దేవాలయములందును, ధనవంతుల పెండ్లిపందిళ్లయందును వసించెడిది. టిక్కెట్టు కొనినవాడెల్ల కూర్చుండి వినదగిన సభ మనకు నూరేండ్లకు కొంచెము పైబడినది మాత్రమే. 1927లో చెన్నపురియందు జరిగిన కాంగ్రెసు మహాసభ సందర్భమున సంగీత సమావేశము కూడినది. దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమి వెలసినది. నేటికిని డిసెంబరు మాసమున ఆ నగరమంతయు సంగీతమయమై, ఒక్క దినముననే పలుచోట్ల కచేరులు జరుగుచుండును. ఇప్పుడు మనము వినెడి కచేరి స్వరూపమును అరియకూడి రామానుజయ్యంగారు (1890–1967) తీర్చిరని విజ్ఞులు చెప్పుదురు. వర్ణముతో ఆరంభించి, మధ్యమకాల కృతులతో సభను ఉత్సాహపరచి, నడుమ విస్తారమైన రాగాలాపనకు తావిచ్చి, తుదకు తేలికయైన పదములతోను జావళీలతోను ముగించుట ఆ క్రమము. అది శ్రోత మనస్సును ఎరిగి కట్టిన క్రమము.

ఇట్లు తనకొరకై కట్టిన ఇంటిలో శ్రోత ఎట్లు మెలగుచున్నాడు? మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనము మొదలిడగానే సగము సభ లేచి ఫలహారశాలకు నడచును. గంటకు పైగా గాయకుని అనుసరించి, తన విద్యను చూపుటకు ఆ పదినిమిషములకై వేచియున్న వానికి మనము చూపెడిది వీపు. మన కృష్ణాతీరమున ఒక పట్టణములో మేము చూచిన వింత ఇంకొకటి. భైరవి రాగాలాపన ముగిసి, కృతి ఎత్తుకొనబోవు సమయమున కార్యనిర్వాహకులు వేదిక నెక్కి, ముందువరుసలోని పెద్దలకు శాలువలు కప్పి, ఒక్కొక్కరిచేత ఉపన్యసింపజేసిరి. నలువది నిమిషములు గడచినవి. తంబురా మ్రోగుచునే యుండెను గాని భైరవి మాత్రము తిరిగి రాలేదు. దీనికి నిర్వాహకులను నిందించి ఊరకుండుట సులభము. సభలో ఒక్కరైనను లేచి, "ఈ సన్మానము కచేరి ముగిసిన పిదప చేయుడు" అని అడిగియుండిన ఆ నలువది నిమిషములు మిగిలియుండెడివి. ఎవరును అడుగలేదు, పైగా ప్రతి శాలువకును చప్పట్లు కొట్టిరి.

ఇంతకంటె పెద్దలోపము ఇంకొకటి గలదు. అది సభలో కాక మన ఇండ్లలో నున్నది. మన ఇండ్లలో సంగీతము నేర్చుకొనునది ఆడపిల్ల. కచేరికి పోవునది మగవాడు. పిల్లకు ఎనిమిదవ యేట సరళీస్వరములు మొదలుపెట్టింతుము. పెండ్లిచూపులనాడు ఒక కృతి పాడించి మెచ్చుకొందుము. పెండ్లియైన పిమ్మట ఆమె వీణ అటకెక్కును. సాయంకాలము ఆరు గంటలకు కచేరి యనిన అది ఆమెకు పొయ్యి ముట్టించు వేళ. వర్ణమును తప్పులేకుండ పాడగల కోడలు ఇంట వంట చేయుచుండగా, ఆది తాళమునకును రూపక తాళమునకును భేదమెరుగని మామగారు ముందువరుసలో కూర్చుండి తొడపై తాళము వేయుచుందురు. స్త్రీవిద్యను గూర్చి ఇంత మాటలాడెడి మనము, ఆమె చెవికి మాత్రము సెలవు దొరకనిచ్చుట లేదు. కచేరి యున్ననాడు వంట మధ్యాహ్నమే ముగించుకొనుటయో, మగవారు ఆ పూట వంటయింటి భారము వహించుటయో అసాధ్యము కాదు. చేసిన ఇండ్లను మేమెరుగుదుము. అచ్చట సంసారములేమియు చెడిపోలేదు.

ఇక ఉత్సవము. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారున సమాధి పొందిరి. పుష్య బహుళ పంచమినాడు అచ్చట కావేరీతీరమున జరుగు ఆరాధనకు విద్వాంసులును విద్యార్థులును వచ్చి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములందలి పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుకతో పాడుదురు. అందొకటి సంస్కృతము; తక్కిన నాలుగును తెలుగు. సభలో శ్రోతకు నోరులేదు. ఇచ్చట శ్రోతయే గాయకుడు. ఉత్సవముయొక్క మహిమ యంతయు ఇందే యున్నది.

కాని ఈ పంక్తిలో స్త్రీకి చోటు ఊరకే రాలేదు. శిథిలమైయున్న ఆ సమాధికి 1920 ప్రాంతముల తన సొమ్ము వెచ్చించి ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878–1952). దేవదాసీ కులమున పుట్టిన ఆ విదుషీమణికి, తాను కట్టించిన ఆలయము ముందర జరుగు ఉత్సవమున పాడుటకు అనుమతి లేకపోయెను. అప్పటికే రెండు పక్షములుగా చీలియుండిన పురుషులు ఈ నిషేధమున మాత్రము ఏకాభిప్రాయము కలిగియుండిరి. ఆమె వాదులాడుచు కూర్చుండక, 1927 మొదలు సమాధివద్దనే స్త్రీలచేత వేరుగా ఆరాధన జరిపించినది. 1940 ప్రాంతమున పక్షములు కలిసి, స్త్రీపురుషులు ఒక్కచోట పాడెడి నేటి పద్ధతి ఏర్పడినది.

సంస్కరణ మన వ్రతమని చెప్పుకొనువారము గనుక ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిని మన సంస్కర్తలు భోగముమేళముల నిషేధమునకై పోరాడిరి. దురాచారమును మాన్పుట వారి యుద్దేశము; అది మంచిదే. కాని ఆ మేళములతోపాటు వానిలోని విద్యను, ఆ విద్యను తరతరములుగా కాపాడిన స్త్రీలను కూడ వీథిలోనికి తోసివేసితిమి. వీరేశలింగము పంతులుగారు నిందించిన ముద్దుపళని కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటించినదియు ఈ నాగరత్నమ్మగారే. మన సంస్కర్త ఏమి తోసివేసెనో ఆమె దానిని తీసి తుడిచి నిలిపినది. నేడు మన కుమార్తెలు గౌరవముతో వేదికపై కూర్చుండి పాడుచున్నారనిన, ఆ గౌరవమునకు వెల చెల్లించినవారు మన ఇంటివారు కారు. ఈ సంగతి ప్రతి శ్రోతయు ఎరిగియుండవలెను.

భాషను గూర్చియు ఒక మాట. తమకు తెలియని తెలుగు పాటలే కచేరి యంతయు నిండియున్నవని అరవదేశమున అసంతృప్తి పుట్టి, 1940 తరువాత తమిళిసై యుద్యమముగా పరిణమించి, 1943లో చెన్నపురియందు ఒక సంఘముగా స్థిరపడినది. అప్పుడు మనవారు కొందరు కోపించిరి. మాకు ఆ కోరిక న్యాయమైనదిగనే తోచుచున్నది. వినువానికి అర్థము కావలెననుట తప్పు కాదు. మన సంగతి చూడుడు. మాట మన మాటయే, అర్థము మన చేతిలోనిదే. అయినను పదిమంది తెలుగు శ్రోతలను కీర్తన ముగియగానే అందేమి చెప్పబడినదని అడిగిన, రాగము పేరు చెప్పువారు ఇద్దరు, భావము చెప్పువారు ఒక్కరు. అమెరికాలోని క్లీవ్లాండు నగరమున 1978 నుండి ఏటేట త్యాగరాజోత్సవము జరుగుచున్నది. అచ్చట పుట్టిన పిల్లలు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాసికొని కంఠస్థము చేయుదురు. లిపి యెరిగిన మనము ఆపాటి శ్రమయు పడుట లేదు.

సభ తలుపు తెరచియున్నంత మాత్రమున అందరును లోపలికి రాలేరు. 2015లో చెన్నపురి సముద్రతీరమునగల ఊరూర్ ఆల్కాట్ కుప్పమను జాలరిపల్లెలో, గాయకులు టి.యం. కృష్ణ మొదలగువారు పల్లెవారితో కలిసి ఉత్సవము ప్రారంభించిరి. శాస్త్రీయ సంగీతమును, పల్లెల కళలను ఒక్క వేదికపై నిలిపి, రుసుము లేకుండ అందరికిని వినిపించిరి. అందువలన కులభేదములు నశించెనని మేము చెప్పము. కాని, "వారికి మన సంగీతము రుచింపదు" అను మాట ఎవరును పరీక్షింపకయే చెప్పుచుండిన మాట యని తేలినది.

తుదకు టెలివిజను. దీనికి పూర్వము రేడియో కలదు. 1938లో మద్రాసునను, 1948లో విజయవాడయందును ఆకాశవాణి కేంద్రములు వెలసిన పిమ్మట, వంటయింటనున్న ఇల్లాలికి తొలిసారి కచేరి అందినది. ఆ ఉపకారము గొప్పది. టెలివిజను దానిని మరింత విస్తరింపజేసినది. 1996లో ఈటీవీయందు ఆరంభమైన 'పాడుతా తీయగా' కార్యక్రమమున ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు, 2020లో పరమపదించువరకు, పాడిన పిల్లల తప్పులను మెత్తగా దిద్దుచు, పాట వ్రాసినవారిని, కట్టినవారిని పేరుపేరున తలచుచుండిరి. పాట వెనుక మనుష్యులున్నారని లక్షల యిండ్లకు తెలిపిన ఆ పద్ధతి శ్రోతకు నిజమైన శిక్షణము.

కాని చిత్రీకరణశాలలో కూర్చుండిన శ్రోత స్థితి వేరు. మేము పోయిన యొక శాలలో మధ్యాహ్నము రెండు గంటలకే మమ్ము లోపల కూర్చుండబెట్టిరి. చేతి ఫోనులు ద్వారమున పుచ్చుకొనిరి. రంగుచీరలవారిని ముందునకు, నెరసిన తలలవారిని వెనుకకు మార్చిరి. పాట మొదలు కాకపూర్వమే మాచేత చప్పట్లు కొట్టించి, నవ్వించి, ఆశ్చర్యపడజేసి ఆ ముఖములను చిత్రించుకొనిరి. దీపముల లోపముచే ఒక పాట రెండుమార్లు నిలిచిపోగా, మూడవమారు సైతము తొలిసారి విన్నట్లే అబ్బురపడవలసివచ్చెను. రాత్రి పొద్దుపోయిన తరువాత పదేండ్ల బాలిక యొకతె ఓడిపోయి యేడ్చెను. ఆమెను తల్లి యొద్దకు పోనీయక, కెమెరా ముందు దగ్గరకు జరిగినది. మాలో కన్నులు తుడుచుకొనువారికై వెదకినది. ఆ పిల్ల పాట చక్కగనే యుండెను. కాని అచ్చట అమ్ముడుపోవునది పాట కాదు, కన్నీరు.

సభలో శ్రోత అలక్ష్యము చేసిన అది అతని దోషము. ఉత్సవమున త్రోసికొని ముందుకు పోయిన అదియు అతని దోషమే. చిత్రీకరణమున మాత్రము అతని మెప్పునే అద్దెకు తీసికొనుచున్నారు. నచ్చనిదానికి ఊరకుండు స్వాతంత్ర్యము పోయిన పిదప, నచ్చినదానికి కొట్టిన చప్పట్లకును విలువ లేదు. ఇంట కూర్చుండి చూచువారు మా చప్పట్లను విని, ఇది గొప్ప పాట యని నమ్ముదురు. ఇట్లు ఒక శ్రోత చేతులతో వేరొక శ్రోత చెవులను మోసగించుట జరుగుచున్నది.

ఇంట కూర్చుండి యంత్రముల ద్వారా వినుట సుఖము కదా, ఈ శ్రమ యెందుకని కొందరడుగుదురు. యంత్రము పాటను తెచ్చును. గాయకుని యెదుట కూర్చుండు మనుష్యుని తేలేదు. మీరు తలయూచినందువలన యంత్రములోని గాయకుడు ఇంకొక సంగతి వేయడు. కావున పోవలెను, పోయినచోట మనుష్యులవలె కూర్చుండవలెను. మృదంగమునకు లేవకుండుట, శాలువలకు అడ్డుచెప్పుట, పాడిన మాట యర్థము పిల్లలకు ఇంటికి వచ్చి చెప్పుట, ఏడ్చు బిడ్డను చూపి చప్పట్లు కొట్టుమనినప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండుట: వీనికి ధనము అక్కరలేదు, పాండిత్యమును అక్కరలేదు. ఈ మాసమున మీ యూర కచేరి యున్నచో, ఇంట వర్ణము పాడగలవారెవరో మొదట వారిని పంపుడు.