హరిశ్చంద్రుణ్ణి మళ్ళీ నిలబెట్టేవాడికి

దర్శకుడా, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం తిరునాళ్ళలో, శివరాత్రి జాగారాల్లో తరాల తరబడి తెల్లారేదాకా ఆడింది. దాన్ని ఇప్పటి జనం కోసం మళ్ళీ కట్టాలని పూనుకున్నావు. కడితే కాణిపాకంలో కట్టు. ఆ కవి 1953లో కన్నుమూసిన కాళహస్తి మనకు దూరమేమీ కాదు. వేషాలు కట్టిన నాగయ్యకు ఇంటిపేరైన చిత్తూరు ఇక్కడికి కూతవేటు.

పైగా సత్యమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. బాకీ ఎగ్గొట్టినవాణ్ణీ, మాట తప్పినవాణ్ణీ ఈ సీమలో అడిగేది ఒకటే: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడాలి. అన్న తోటలో పండు తిన్న తప్పుకు చేతులు పోగొట్టుకున్న లిఖితుడికి, ఆ చేతులు తిరిగిచ్చిన బాహుదా నది ఈ ఊరిదే. మాట కోసం ఒక రాజు ఆలుబిడ్డల్ని అమ్ముకుని కాటికాపరి అయ్యాడంటే ఇక్కడి జనం ఎందుకని అడగరు. తర్వాత ఏమైందని అడుగుతారు.

కొత్తదనానికి జంకకు. ఈ నాటకం ఎప్పుడూ ఉన్నచోట ఉండలేదు. జాషువా తన ఖండకావ్యంలో రాసుకున్న శ్మశానవాటి పద్యాల్ని నటులే తెచ్చి కాటి సీనులో పెట్టుకున్నారు. డి.వి. సుబ్బారావు లాంటివాళ్ళ గొంతులో విన్నాక అవి లేని హరిశ్చంద్రను ఊహించలేకపోయాం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటకాల వాళ్ళ దగ్గరికి 1990ల్లో దర్శకుడు బి.వి. కారంత్ వచ్చారు. 'భీష్మ' చేయించారు, 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. చిన్ననాడే గుబ్బి వీరణ్ణ నాటకాల కంపెనీలో చేరిన మనిషి కాబట్టి రంగుల తెరలనూ హార్మోనియాన్నీ చిన్నచూపు చూడలేదు. నువ్వూ ఆ కళ్ళతోనే చూడు.

ఒక్క మైకు సంగతి మాత్రం పట్టించుకో. ఇన్నేళ్ళూ అది వేదిక ముందు వేలాడింది. నటుడు పద్యం ఎత్తుకునే ముందు రెండడుగులు ముందుకొచ్చి, దాని కింద నిలబడి, జనానికేసి చూస్తూ పాడేవాడు. వెనక కొడుకు శవం, పక్కన భార్య చంద్రమతి, అతని కళ్ళు మాత్రం చివరి వరుస మీద! అది నటుడి తప్పు కాదు, ఆ తీగ అంతవరకే వచ్చేది. ఇప్పుడు కాలరు మైకుంది. హరిశ్చంద్రుణ్ణి వెనక్కి తిప్పు. కర్ర భుజాన వేసుకుని కాటిసుంకం అడిగేవాడు ఆ తల్లి ముఖంలోకి చూస్తూ అడగాలి. భర్తకు తప్ప ఎవరికీ కనిపించని మంగళసూత్రం అతనికి కనబడింది, అమ్మి సుంకం కట్టమన్నాడు. ఆ క్షణంలో చంద్రమతికి అతనెవరో తెలిసిపోతుంది. అక్కడ హార్మోనియం ఆపించు. రాగం తియ్యనివ్వకు. ఆమె అతన్ని పోల్చుకోవడం జనానికి కనబడాలి.

కొలువులో ఒక హరిశ్చంద్రుడు, కాటిలో ఇంకొకడు వచ్చే వాడుక ఉంది. పెద్ద గొంతులన్నిటినీ ఒకే రాత్రి వినాలన్న జనం ముచ్చట అది, నేను కాదనను. కానీ నువ్వు ఒక్కడితోనే మోయించు. కిరీటం పెట్టుకున్న తలే గొంగళి కప్పుకోవాలి. ఉదయం దానమిచ్చిన చెయ్యే అర్ధరాత్రి సుంకానికి చాచాలి. మనిషి ఎంత దిగాడో అప్పుడే తెలుస్తుంది, ఎంత దిగలేదో కూడా.

ఆట మూడు గంటలకు కుదించు, తప్పు లేదు. పద్యాన్ని మాత్రం కుదించకు. నాలుగు పాదాలూ అర్థం తెలిసేలా పలికించి, ఆ తర్వాత రాగం ఎంత సేపైనా తీయించు. వన్స్ మోర్ అంటే కొలువు సీనులో పాడనీ. ఆ హక్కు జనానిది.

చవితి నుంచి ఇరవై ఒక్క రోజులు ఇక్కడ బ్రహ్మోత్సవాలు. ఊళ్ళకు ఊళ్ళు కదిలొస్తాయి. ఒక రాత్రి అడిగి తీసుకో. ముందు వరుస చాపలు బడిపిల్లలకు ఉంచు. రాజ్‌కోట్‌లో చిన్ననాడు చూసిన హరిశ్చంద్ర నాటకాన్ని గాంధీ తన ఆత్మకథ రాసేనాటికీ మరిచిపోలేదు. పిల్లలకు ఏడుపు ఎలాగూ వస్తుంది. నక్షత్రకుడు అప్పు కోసం వెంటపడినప్పుడు వాళ్ళు పడీపడీ నవ్వాలి, అది చూసుకో.