యాత్రా రచన – రామసముద్రం పాఠకుడు

రామసముద్రంలో సముద్రం లేదు. పుంగనూరుకు పక్కన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మెట్టప్రాంతమది. రాయలసీమలో ఊరిపేరు చివర ‘సముద్రం’ అని ఉంటే అక్కడొక చెరువుందని అర్థం. వాన మొహం చూసి బతికే నేలలో నిండిన చెరువే సముద్రం. అలాంటి ఊరి పాఠకునికి దక్షిణ ఐరోపా తీరపట్టణాల యాత్రా కథనం ఏమివ్వాలి? ఈ ప్రశ్న వేసుకోకుండా మన యాత్రా సాహిత్యానికి విలువ కట్టలేము.

విదేశాల్లో స్థిరపడిన మనవారు సెలవుల్లో కారవాన్ కట్టుకొని స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ తీరాల వెంట మజిలీలు చేయడం ఇవాళ వింత కాదు. వంటిల్లూ పడకా బండిలోనే. ఆ అనుభవాన్ని రాయడమూ తప్పు కాదు. శ్రమజీవికి విశ్రాంతి హక్కు కావాలని పోరాడిన ఉద్యమం మనది; విహారాన్ని విలాసమని ఈసడించడం అభ్యుదయం అనిపించుకోదు. మన అభ్యంతరం రచయిత చూపు గురించి. ఇలాంటి కథనాల్లో తరచుగా నీలికెరటాలుంటాయి, తెల్లని గోడలుంటాయి, తిన్న వంటకాల పేర్లుంటాయి. ఆ గోడకు సున్నం వేసినవాడు మాత్రం కనిపించడు.

ఒక్క ఉదాహరణ చాలు. స్పెయిన్ దక్షిణ తీరంలో అల్మేరియా ప్రాంతముంది. అక్కడ 30,000 హెక్టార్లకు పైగా నేల మీద ప్లాస్టిక్ పందిళ్లు పరచుకొని ఉన్నాయి. వాటి కింద పండిన టమోటా చలికాలంలో ఉత్తర ఐరోపా అంగళ్లకు పోతుంది. పందిళ్ల కింద పనిచేసేవారిలో మొరాకో తదితర ఆఫ్రికా దేశాల నుంచి వలసవచ్చిన కూలీలు అధికం. 2000 ఫిబ్రవరిలో, ఒక హత్యను సాకుగా చేసుకొని, ఎల్ ఎహిదో పట్టణంలో ఆ వలస కూలీల మీద రోజుల తరబడి దాడులు జరిగాయి. అదే తీరంలోని మాలగాలో 2024లో పౌరులు వీధికెక్కారు. ఇళ్లు యాత్రికుల బసలుగా మారి, స్థానికులకు అద్దెలు అందకుండా పోయాయన్నది వారి ఆవేదన.

రామసముద్రం చుట్టుపక్కల పండే టమోటా మదనపల్లె మార్కెట్ యార్డుకు చేరుతుంది. ధర పడిపోయిననాడు కోతకూలి కూడా గిట్టక పంటను పారబోయడం అక్కడి రైతు ఎరిగిన బాధే. అల్మేరియా పందిరి కింది కూలీ గురించి తెలుగు రచయిత నాలుగు మాటలు రాస్తే, ఆ రైతు బిడ్డకు స్పెయిన్ పరాయి దేశంగా ఉండదు. తన చేతి పంటకు ప్రపంచపు అంగడితో ఉన్న సంబంధం అర్థమవుతుంది.

ఇది కొత్త కోరిక కాదు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. పల్లకీ, డేరాలు, దాదాపు వందమంది పరివారం – ఆనాటి కదిలే ఇల్లు అదే. తిరుగుదారిలో ఆయన పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, నెల్లూరు మీదుగా తూర్పుతీరం వెంట వచ్చాడు. మజిలీ మజిలీకీ నీటి వసతి, బజారులో దొరికే సరుకులు, దారి తీరు, జనం బతుకు రాసుకున్నాడు.

ఆయనకు వర్గపరిమితులు లేవనరాదు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయనకు ఇంగ్లీషువారి పాలన మీద గౌరవముంది. పల్లకీలో కూర్చున్నవాని చూపు ఆయనది. మోసిన బోయీలు తమ యాత్ర రాసుకోలేదు. అయినా దృశ్యంతో పాటు జీవికకూ చోటిచ్చాడు గనుకనే ఆ పుస్తకం భక్తునికే కాక చరిత్ర విద్యార్థికీ నేటికీ పనికొస్తున్నది.

పల్లకీ యాత్రికుడు చేసిన ఈ మాత్రం పనైనా కారవాన్ యాత్రికుడు చేయాలి. ఆగిన ఊరిలో ఎవరు ఏ పని చేస్తున్నారు, ఎంత కూలి వస్తున్నది, ఎవరి ఇల్లు ఎవరి చేతికి పోయింది అని అడిగి తెలుసుకోవాలి. సాహిత్య విద్యార్థులు కాశీయాత్రలోని తీరభాగాన్నీ ఈనాటి యాత్రా కథనాన్నీ పక్కపక్కన పెట్టుకొని చదవాలి. అప్పుడు మన రచన రెండువందల ఏళ్లలో ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో వారికే బోధపడుతుంది.