శిఖరం ముందు, పునాది చివర

తమిళనాడులోని కోవిల్‌పట్టి నుంచి పడమరగా 20 కిలోమీటర్లు దాటితే నల్లరేగడి చేల మధ్య కళుగుమలై కనిపిస్తుంది. నరికుడి నుంచో విరుదునగర్ నుంచో వచ్చి, కింద మురుగన్‌కు దండం పెట్టుకుని అట్నుంచటే వెళ్లిపోయేవాళ్లు కొండమీది వెట్టువాన్ కోవెలకు కూడా ఓ గంట కేటాయించాలి. అది కట్టిన గుడి కాదు. ఎనిమిదో శతాబ్దంలో, పాండ్యుల కాలంలో, గ్రానైట్ కొండనే పైనుంచి కిందికి చెక్కుతూ తీసిన ఏకశిలా విమానం.

మామూలు గుడి నేలనుంచి లేస్తుంది. ముందు అధిష్ఠానం అనే పీఠం, దానిపై గోడ, చూరు, ఆపైన గ్రీవం అనే మెడభాగం, శిఖరం, చివర స్తూపి అనే కలశం. ఇక్కడ వరుస మొత్తం తిరగబడింది. శిల్పి మొదట నిలబడిన చోటే గుడి నెత్తి. కట్టుబడిలో రాయి వంకరగా కూర్చుంటే తీసి మళ్లీ పెట్టవచ్చు, పగిలితే ఇంకోటి తెప్పించుకోవచ్చు. ఇక్కడ తీసివేత తప్ప కూడిక లేదు. బయటికి పొడుచుకొచ్చే నంది మూతికి కావలసిన రాయిని, అక్కడ నంది ఆనవాలే లేనప్పుడు లెక్కగట్టి వదిలిపెట్టాలి. అంటే మొదటి ఉలిదెబ్బకు ముందే అడుగు దాకా కొలతలన్నీ తేలిపోయి ఉండాలి.

తొలిపని కందకం. కొండవాలులో దీర్ఘచతురస్రంగా తొలుచుకుంటూ పోయి, నడుమ ఒక పెద్ద దిమ్మను విడిగా నిలిపారు. లోతు దాదాపు 7.5 మీటర్లు. గ్రానైట్ మీద ఇనుప ఉలి ఇట్టే మొద్దుబారుతుంది. కొలిమిలో కాల్చి, మొన సాగగొట్టి, మళ్లీ పదును పెట్టే కమ్మరి అందుబాటులో లేనిదే ఇలాంటి పని ముందుకు కదలదు. ప్రాచీన ఈజిప్టు పనివాళ్లకు ఆ ఇనుమూ లేదు. అస్వాన్ రాతి గనిలో దాదాపు 42 మీటర్ల ఒబెలిస్క్ (ఏకశిలా స్తంభం) ఒకటి సగంలో పడి ఉంది. రాగి ఉలికి గ్రానైట్ లొంగదు కాబట్టి, డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో బాది బాది, రాతిని పిండి చేస్తూ దాని చుట్టూ కందకం తీశారు. వెయ్యి టన్నులు దాటే ఆ రాయి పగుళ్లిచ్చింది, అక్కడే వదిలేశారు. పగలకపోయినా దాన్ని పెకలించి, లాగి, నిలబెట్టే పని మిగిలే ఉండేది. పాండ్య శిల్పులు ఆ సమస్యను పుట్టనే పుట్టనివ్వలేదు. వాళ్లు మోసి పారబోసింది తవ్వి తీసిన రాతిముక్కల్నే.

తనివితీరా చూడాల్సింది పైభాగాన్ని. ఎనిమిది పలకల శిఖరం, దాని ముఖాల మీద గూళ్లు, వాటి చుట్టూ తీగల అల్లిక, మూలల్లో నందులు, చూరు కింద గణాల వరుస. పడమట నరసింహుడు, ఉత్తరాన బ్రహ్మ. దక్షిణాన దక్షిణామూర్తి మృదంగం వాయిస్తున్నాడు! మర్రిచెట్టు కింద మౌనంగా బోధించే స్వామిగానే ఆయన్ను ఎరిగిన మనం అక్కడ కాసేపు ఆగిపోతాం.

ఇంత నగిషీ పైన ముగిసేసరికి కిందిభాగం మొరటు రాయిగానే ఉంది. దీన్నిబట్టి పని నడిచిన తీరు తెలుస్తుంది. విమానమంతటినీ ముందు ముతకగా మలచి, తర్వాత నగిషీకి దిగలేదు. పై అంతస్తును సున్నితపు గీత దాకా పూర్తిచేశాకే కిందికి దిగారు. ఇందులో సౌలభ్యం ఉంది. ఇంకా తీయని రాయే శిల్పులకు నిలబడే అరుగు, పరంజా కట్టే బాధ లేదు. పైనుంచి జారిపడే ముక్క మొరటు రాయికే తగులుతుంది, చెక్కిన బొమ్మకు కాదు.

పని ఆగిపోవడానికి తండ్రీకొడుకులైన ఇద్దరు శిల్పుల పోటీయే కారణమని ఊళ్లో ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ నాకు ఆ కిందిరాయే ఎక్కువ కబుర్లు చెప్పింది. ఎల్లోరా కైలాసాన్ని కూడా అదే శతాబ్దంలో, పైనుంచే తొలిచారు. పరిమాణంలో దానికి ఇది ఏ మూలకూ రాదు. అయితే అక్కడ పని పూర్తికావడంతో దశలు చాలావరకు చెరిగిపోయాయి. ఏకశిలను గుడిగా ఎలా మలుస్తారని ఎవరైనా అడిగితే నేను ముందు కళుగుమలైకే పంపిస్తాను.