విభావము మారిన అనుభావము: బ్రహ్మానందముగారి ముఖచిత్రములు

సామాజిక మాధ్యమములందు తెలుగువారు తమ అభిప్రాయములను ప్రకటించుకొను సాధనములలో నేడు మాటకంటె చిత్రమునకే ప్రాచుర్యము హెచ్చు. క్రొత్త చలనచిత్రము ప్రథమ ప్రదర్శనము ముగియక పూర్వమే, దానిపై తీర్పు ఒక నటుని ముఖచిత్రరూపమున అనేకుల సెల్‌ఫోనులకు చేరుచున్నది. ఇట్టి చిత్రమునకు మీమ్ అని వ్యవహారము. ఈ పదమును రిచర్డ్ డాకిన్స్ అను జీవశాస్త్రవేత్త 1976లో, జన్యువువలె ఒకరినుండి మరియొకరికి సంక్రమించు సాంస్కృతికాంశమునకు పేరుగా కల్పించెను. నేటి అర్థము తరువాత వచ్చినది. తెలుగు మీములలో తరచుగ కనిపించు ముఖము బ్రహ్మానందముగారిది. ఇది పండితపరిశీలనకు తగిన విషయము కాదని తలచువారు గలరు. తగునని నా తలంపు. అలంకారశాస్త్రము చెప్పిన ఒక క్రమము ఇందు తలక్రిందులగుచున్నది.

విభావానుభావ వ్యభిచారిభావ సంయోగమున రసము నిష్పన్నమగునని భరతుని మతము. తెరపై ఈ సామగ్రి యంతయు నుండును. 'మన్మథుడు' (2002)లో లవంగము, 'ఢీ' (2007)లో చారి, 'కింగ్' (2008)లో సంగీతదర్శకుడు జయసూర్య: ఈ పాత్రలందెల్ల మొదట సన్నివేశము హాస్యమునకు తావు కల్పించును, పిదప నటుని కన్నులు, కనుబొమలు, పెదవులు దానికి బదులు పలుకును. మీములో ఆ సన్నివేశము తెగిపోయి ముఖ మొక్కటియే మిగులును. అనగా, విభావమును కోల్పోయిన అనుభావము. దానిని పంచుకొనువాడు పైన రెండు ముక్కలు వ్రాసి, పరీక్ష రేపనగా పాఠ్యప్రణాళికను తొలిసారి చూచిన విద్యార్థి యనియో, నెలాఖరున జేబు తడుముకొను ఉద్యోగి యనియో క్రొత్త విభావమును సమకూర్చును. ముఖము నటునిది, సందర్భము పంచుకొనువానిది. ఒకే వ్యక్తి సహృదయుడై ఆ ముఖమును ఆస్వాదించి, మరుక్షణమున కవియై దానిని మరల ప్రయోగించుచున్నాడు.

మరియొక చిత్రముతో పోల్చినచో ఈ విషయము స్పష్టమగును. జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావుగారు ధరించిన పిసినారి పాత్ర, పైనుండి వ్రేలాడదీసిన కోడిని చూచుచు వట్టి అన్నము తినును. ఆ చిత్రమును గూడ జనులు పంచుకొందురు. కాని విభావమైన కోడి అందులోనే యున్నది. అందుచే అది లోభమునకో, అందని వస్తువుపై ఆశకో తప్ప వేరొకదానికి ఒదుగదు. బ్రహ్మానందముగారి ముఖమునకు అట్టి హద్దు లేదు. పెండ్లిచూపులకును, క్రికెట్టు ఓటమికిని, బడ్జెట్టు ప్రసంగమునకును అది సమముగ సరిపోవుచున్నది.

ఇది పేరడీయే గదా యని ఆక్షేపింపవచ్చును. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారి పేరడీలు రుచించుటకు మూలకవి శైలితో పరిచయ ముండవలెను. ఈ ముఖచిత్రములను తెలుగు రానివారును, ఆ చలనచిత్రములను చూడనివారును వాడుకొనుచున్నారు. మూలము తెలిసినవానికి అదనముగ స్మరణసుఖము కలుగును. తెలియనివానికి లోపమేమియు లేదు. కావున ఆక్షేపము నిలువదు.

మరి ఈ ముఖమే ఏల? అందు తరచుగ రెండు భావములు ఒక్కమారు సంధించుటయే కారణమని నాకు తోచుచున్నది. గర్వములో భయము, వినయములో తిరస్కారము, ఓటమిలో అహంకారము: ఆలంకారికులు భావసంధి యనునది ఇదియే. తెరపై అది క్షణమున దాటిపోవును. కదలిక నిలిచిన చిత్రము ఆ క్షణమును పట్టి మనముందు నిలుపుచున్నది. తెరకు రాక పూర్వము ఆయన అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులుగ నుండిరి. తరగతిగదిలో ఎదుటివారి ముఖములను చదువు అలవాటు ఆ నటనకు ఎంత తోడ్పడినదో తేల్చుట మన శాఖవారికి ప్రీతికరమైన పరిశోధనయే యగును!

ఇట్లు ప్రకటితమగు అభిప్రాయము విమర్శ యగునా? పెక్కు ముఖములలో ఒకదానిని ఏరి సందర్భమునకు అతికించుటలో వివేకము లేకపోలేదు. క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణమని చెప్పిన ఔచిత్యమే మీమునకును ప్రాణము. అతుకు తప్పినది ఎంత ప్రసిద్ధ ముఖమైనను చప్పబడును. కాని ఏల యను ప్రశ్నకు ముఖము బదులు చెప్పదు. చిత్రము బాగులేదని తెలుపును. కథనమున లోపమా, సంభాషణలలో లోపమా, చూచువాని అంచనాలో లోపమా తెలుపదు. వాదింపవలసినచోట ముఖమును చూపి తప్పించుకొనుట ఇందుచే సులభమైనది. పది సంవత్సరముల శ్రమఫలమైన కృతియు, పది దినములలో చుట్టివేసిన కృతియు ఒకే కనుబొమ క్రింద కొట్టుకొనిపోవుచున్నవి. ఇది విమర్శకు పూర్వరంగము, విమర్శ కాదు.

ఇచ్చట ఒక విశేషము. కన్నీటితో నవ్వు ముఖచిహ్నమును ఆక్స్‌ఫర్డు నిఘంటువులవారు 2015వ సంవత్సరపు పదముగ ఎన్నుకొనిరి. భరతుడు నవ్వును ఆరు విధములుగ విభజించుచు, అస్థానమున పుట్టి కన్నీటితో కూడిన నవ్వును అపహసితమని పేర్కొని అధమప్రకృతులకు విధించెను. ఒకరి దేహచ్ఛాయను, స్థూలత్వమును, యాసను ఎగతాళిచేయు మీముల క్రింద ఈ చిహ్నములు బారులు తీరుట చూచినచో, ఆ విభాగము ఇంకను చెల్లుచున్నదని తోచును.

ఈ సామగ్రిని సేకరింపగోరు పరిశోధక విద్యార్థులు చాటువులను తలచుకొనవలెను. చాటుపద్యము ఏ సభలో, ఎవనిపై, ఎందులకు పుట్టినదో తెలిసినగాని దాని చమత్కృతి పూర్తిగ అందదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'చాటుపద్యమణిమంజరి'ని కూర్చుట వలన అట్టి పద్యములు పెక్కులు మనకు దక్కినవి. మీముల ఆయువు చాటువులకంటె స్వల్పము. 2020 జూన్ నెలలో టిక్‌టాక్ మనదేశమున నిషిద్ధము కాగా, అందు తెలుగువారు చేసిన దృశ్యములు ఇచటివారికి ఒక్కమారుగ అందకుండ పోయినవి. కావున చిత్రమును మాత్రము దాచిన చాలదు. అది కనబడిన దినము, దానిని పుట్టించిన వార్త, దానిపై వచ్చిన మారుచిత్రములు గూడ వ్రాసికొనవలెను. వ్యాఖ్య రోమనులిపిలో నున్నచో తెలుగులోనికి మార్చి దిద్దరాదు. ల-ళలును, న-ణలును ఆ వ్రాతలో ఏకమగుచున్నవి. దీర్ఘములు ఒకచోట నిలిచి వేరొకచోట లోపించుచున్నవి. ఉచ్చారణను బట్టియా, తొందరను బట్టియా ఇట్లగుచున్నదో నిర్ణయించుటకు దిద్దని ప్రతులే ఆధారము.