శోకార్తుడగు బాలుడును 'డాక్‌ఘర్' నాటకమును

బాలుర యెదుట మరణము మాట యెత్తరాదని మన యిండ్లలో నొక నియమము. తల్లి పోయిన పిల్లవానితో అమ్మ ఊరికి పోయినదందురు. వాడు మరల నడిగినచో మిఠాయి చేతికిచ్చి మాట మార్చుదురు. ఇది దయ యని మన నమ్మకము. వానికి నిజము తెలియుచునే యుండును. తెలిసినదానిని అడుగుటకు తావొక్కటే లేకపోవును.

కఠోపనిషత్తును వేదాంతులకు విడువక యొకమారు బాలుని కథగా చదివిచూడుడు. తండ్రి కోపమున తన్ను మృత్యువున కిచ్చితి ననగా, నచికేతుడు యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై వేచియుండెను. వాడు కోరిన మొదటి వరమేది? తండ్రి మనస్సు కుదుటబడవలెననుట! కష్టములోనున్న బిడ్డ ముందుగా పెద్దల మొగమువంకనే చూచునని యెరుగనివారు ఈ కథ కల్పింపజాలరు. మరణించినవాడు ఉన్నాడా, లేడా యని మూడవ వరముగా నడుగగా యముడంతటివాడును మన మేనమామలవలెనే మాట తప్పింపజూచి, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును ఇచ్చెదననెను. బాలుడు లొంగలేదు.

కాని నచికేతుడు జిజ్ఞాసువు. ఆత్మీయులను కోల్పోయినవాడు కాడు. కోల్పోయిన బాలునకు పనికివచ్చు గ్రంథము కావలెనన్నచో రవీంద్రనాథ ఠాకూరుగారి 'డాక్‌ఘర్' చూడవలెను. ఈ చిన్న వంగ నాటకము 1912లో వెలువడినది. అప్పటికే ఆయన భార్య 1902లోను, కుమార్తె రేణుక 1903లోను, కుమారుడు శమీంద్రనాథుడు 1907లోను గతించిరి. ఆయనయు 1875లో తల్లిని కోల్పోయిన బాలుడే.

కథ స్వల్పము. అనాథయగు అమలుని మాధవదత్తుడు పెంచుకొనును. వాడు జబ్బుపడగా, బయటి గాలి తగులరాదని వైద్యుడు శాస్త్రవచనములు వల్లించి గదిలో కట్టిపెట్టించును. వాడు కిటికీకడ కూర్చుండి పెరుగమ్మువానితోను, కావలివానితోను, పూలు కోయబోవు సుధ యను బాలికతోను మాటలాడుచు, ఎదుట వెలసిన రాజుగారి తపాలా కచ్చేరినుండి తనకొక జాబు వచ్చునని యెదురుచూచును. తుదకు రాజవైద్యుడు వచ్చి తలుపులను, కిటికీలను తెఱపించును. అమలుడు నిద్రపోవును.

ఇచ్చట నొక ఆక్షేపణము పుట్టును. చావును నిద్రగా చూపుట 'ఊరికి పోయినది' యనుటకంటె ఏవిధమున మేలు? ఇది సులభముగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. రాజనగా పరమాత్మ, జాబనగా ముక్తి యని వ్యాఖ్యానించువారు దీనికి సమాధానము చెప్పినవారు కారు. బిడ్డకు ఆ వ్యాఖ్యతో పనిలేదు. నా మట్టుకు రాజపరివారము ప్రవేశించు ఘట్టముకంటె పెరుగమ్మువాని ఘట్టమే పదిరెట్లు మిన్నగా తోచును.

ఈ ప్రశ్నను కాగితముమీద గాక, మృత్యువు వాకిటనే యెదుర్కొన్నవాడొకడు కలడు. పోలెండు దేశపు వార్సా నగరమున నాజీలు యూదులను నిర్బంధించిన పేటలో యానుష్ కోర్చాక్ అను వైద్యుడు అనాథశరణాలయమును నడపుచుండెను. బాలుర కొఱకు కథలు వ్రాసినవాడు. 1942 జూలై 18వ తేదీన అచ్చటి పిల్లలు ఈ నాటకమాడిరి. నాలుగు దినములకే, 22వ తేదీన, ఆ పేట జనులను ట్రెబ్లింకా మారణశిబిరమునకు తరలించుట మొదలయ్యెను. ఆగస్టు మొదట దాదాపు 200 మంది పిల్లలతో కోర్చాక్‌ను కూడ కొనిపోయిరి. తాను తప్పించుకొను అవకాశములు వచ్చినను వారిని విడిచిపోవ నొల్లడాయెను. నాటకము ఆ పిల్లల భయమును పోగొట్టెనని చెప్పుటకు మనమెవరము? అంతమాట అనరాదు. ఒకటి మాత్రము నిశ్చయము. తలిదండ్రులను పోగొట్టుకొని, ఆకలితో మాడుచున్న ఆ బిడ్డలకు ఎవరును చావని కథను అతడు వెదకి తీయలేదు.

ఆక్షేపణమునకు ఉత్తరము నాకు సుధయందు కనబడుచున్నది. నాటకము అమలుని నిద్రతో ముగియదు. పూలు తెచ్చెదనని మాటయిచ్చిపోయిన సుధ అప్పుడు వచ్చును. వాడు మేల్కొనినపుడు సుధ నిన్ను మరువలేదని వాని చెవిలో చెప్పుడని రాజవైద్యుని కోరును. పెద్దల బొంకు పోయినవారి పేరెత్తనీయదు. ఈ నాటకము మిగిలిపోయిన బిడ్డను పూలతోసహా రంగముమీదికి రానిచ్చి, కడపటి మాట ఆమెకే విడిచినది. శోకార్తుడగు బాలుడు చూచునది అమలుని స్థానమునుండి యని మన విమర్శకులు తలచెదరు. వాడు సుధ ప్రక్కను నిలిచియుండును.

మా పాఠశాలలో దీనిని చదివించినపుడు, ఆ యేటనే తండ్రి పోయిన పిల్లవాడొకడు అమలునిగూర్చి యేమియు నడుగలేదు. సుధ మరునాడుకూడ పూలు తెచ్చినదా యని యడిగెను. పుస్తకములో లేదంటిని. తెచ్చియే యుండునని వాడనెను.