ఆపకు, నడవనీ

ఆదివారం ఏదో ఛానల్లో మాయాబజార్ వేస్తున్నారంటే చాలు, పొద్దున్నే లెక్కల మాస్టారి ఫోను. "ఒరేయ్, రెండింటికి మొదలు. భోంచేసి వచ్చెయ్." బ్యాంకులో రిటైరైన మావాడింట్లో పెద్ద టీవీ ఉంది, వాళ్లావిడ చేతి ఉల్లి పకోడీ ఉంది. ఇంటర్‌లో కలిసిన ముగ్గురం, ఇప్పుడు అరవై దాటినవాళ్లం, అదే సోఫాలో ఎవరి మూల వాళ్లు సర్దుకుంటాం.

చూస్తామా అంటే, చూడం. మాట్లాడుకుంటాం.

పాత సినిమా ముందు కూర్చుని కబుర్లాడటం కూడా ఒక విద్యే. ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ మూసుకోవాలో తెలియాలి. ఎస్వీ రంగారావు తెరమీద ఉన్నంతసేపూ గదిలో చడీచప్పుడూ ఉండకూడదు. సూర్యకాంతం గొంతు లేచినప్పుడూ అంతే. నౌకావిహారం పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల కురిపిస్తుంటే ఇంటి పన్ను సంగతి ఎత్తినవాడికి రెండో వాయి పకోడీ లేదు. మిగతా సినిమా అంతా మనదే.

చిన్నప్పుడు ఇలా కాదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. మా వీధి మొత్తానికి టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. సినిమా ఉన్న రోజున వాళ్ల హాల్లో చాపల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఎవరైనా గుసగుసలాడితే పది మంది "ష్" అనేవారు. పోయిన సీను మళ్లీ దొరకదు మరి. ఇప్పుడు ఆ డైలాగులన్నీ మాకు కంఠతా వచ్చు. చెవులు అప్పగించక్కర్లేదు. అందుకే మా మాటలకి చోటు దొరికింది.

ఆ చోట్లోకి ఎలాంటి మాటలు వస్తాయో చెప్పలేం. మొన్నామధ్య గుండమ్మ కథ వేశారు. ఎన్టీఆర్ నిక్కరు తొడుక్కుని రోట్లో పిండి రుబ్బుతున్నాడు. అయిదేళ్ల ముందే కృష్ణుడిగా జనం చేత దణ్ణాలు పెట్టించుకున్న మనిషి! మా బ్యాంకువాడు తెర వంక చూస్తూనే అన్నాడు: "మా ఆవిడకి మోకాళ్లు పట్టేశాయిరా. రెణ్ణెల్లుగా వంట నాదే." కాసేపాగి, "పకోడీ కూడా" అన్నాడు.

చెల్లెమ్మ చేతి రుచి అని ఇన్నాళ్లూ మేం మెచ్చుకుంటూ తిన్నవి వీడు వేసినవన్నమాట.

ఇదే మాట టీ కొట్టు దగ్గర ఎదురెదురుగా నిలబడి ఉంటే చెప్పేవాడు కాదు. మొహంలోకి చూస్తూ చెప్పలేనిది తెర వంక చూస్తూ చెప్పొచ్చు. వినేవాడూ తల తిప్పక్కర్లేదు. "ఊఁ" అంటే చాలు. ఆ పైన ఏం మాట్లాడాలో తోచకపోతే సావిత్రి ఉంది, ఆవిడ మాట్లాడుతుంది.

మాస్టారిది ఇంకో తరహా. ప్రతిసారీ ఒక లెక్క తీస్తాడు. 1957లో కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్ మూడు గంటల సినిమా. భారత కథే. అయినా అందులో పాండవులు ఒక్కరూ తెరమీదకి రారు. రాజ్యం పోగొట్టుకున్నది వాళ్లు, అడవులకి పోయింది వాళ్లు, మనం చూసేది మాత్రం వెనక మిగిలిన సుభద్రనీ అభిమన్యుడినీ. ఈ సంగతి మాకు కొత్త కాదు. కానీ ఒక రోజు మాస్టారు దానికి ఇంకో వాక్యం కలిపాడు: "మా ఇంట్లోనూ అంతేరా. పిల్లలు కనపడరు. మాటలన్నీ వాళ్ల గురించే." ఇద్దరు కొడుకులూ డల్లాస్‌లో ఉన్నారు. శశిరేఖకి ప్రియదర్శిని పెట్టెలో అభిమన్యుడు కనిపించినట్టు వాడికి మనవరాలు ఆదివారం పొద్దున ఫోన్లో కనిపిస్తుంది. అక్కడ అప్పటికి శనివారం రాత్రి, పిల్లకి నిద్రవేళ.

ఒకసారి నాకే తెలివి ఎక్కువైంది. ప్రకటనల గోల ఎందుకని మాయాబజార్ యూట్యూబ్‌లో పెట్టాను. సినిమా హాయిగా సాగుతోంది. పెళ్లి సందడి మొదలైంది. మాస్టారు పల్లీలు ఒలుచుకుంటూ, "గొంతు దగ్గర ముక్క తీసి పరీక్షకి పంపారురా. బుధవారం రిపోర్టు" అన్నాడు.

నా వేలు దానంతటదే రిమోట్ నొక్కేసింది. తెరమీద రేలంగి నోరు సగం తెరిచి ఆగిపోయాడు. ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ఇద్దరం మాస్టారి వైపు తిరిగాం. అంతవరకూ పల్లీలతో పాటు నలిగిన మాట కాస్తా గది మధ్యలోకొచ్చి కూర్చుంది. వాడి మొహం మాడిపోయింది.

"ఆపావేంట్రా? నడవనీ. ఘటోత్కచుడు విందుకొచ్చే వేళైంది. అందుకే ముందే చెప్పేశాను."

నొక్కాను. కాసేపటికి లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీఆర్ నోట్లో పడుతున్నాయి. ముగ్గురం ఎప్పటిలాగే నవ్వాం. ఆయన తెర దిగాక, "బుధవారం ఎన్నింటికి?" అన్నాను. "పదింటికి." "నేనొస్తా." "ఊఁ."

రిపోర్టులో ఏమీ లేదు. ఆస్పత్రి మెట్ల మీంచే బ్యాంకువాడికి ఫోన్ చేసి "ఏం లేదటరా" అన్నాడు. మంచి కబురుకి సినిమా అక్కర్లేదు.

మళ్లీ ఛానల్‌కే వచ్చేశాం, సబ్బుల ప్రకటనలతో సహా. అది మనం ఆపితే ఆగదు. అయినా మావాళ్లకి నమ్మకం కుదరలేదు. రిమోట్ నా చేతికివ్వడం మానేశారు.