లగూనా విసురువల: డాల్ఫిన్లతో కలిసి సాగే చేపల వేట

దక్షిణ బ్రెజిల్‌లోని సాంతా కాతరీనా రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరాన ఉన్న లగూనా పట్టణంలో నూట నలభై ఏళ్లకు పైగా ఒక చేపల వేట సాగుతోంది. అందులో వల మనిషి చేతిలో ఉంటుంది గాని, ఆ వలను ఎప్పుడు, ఎక్కడ విసరాలో తెలిపేది నీటిలోని డాల్ఫిన్. ఈ డాల్ఫిన్లు ఎవరో పట్టి తెచ్చినవి కావు, మేత వేసి మచ్చిక చేసినవీ కావు. వాటికి శిక్షణ ఇచ్చినవారు లేరు, వేట ముగిశాక పట్టిన చేపల్లోంచి వాటా పంచి పెట్టే ఆచారమూ లేదు. సముద్రంలోనూ ఉప్పుటేళ్లలోనూ స్వేచ్ఛగా తిరిగే అడవి ప్రాణులు తమ ఆకలి కోసం తామే ఒడ్డుకు వచ్చి, మనుషులతో కలిసి వేటాడి, తిరిగి తమ దారిన వెళ్లిపోతాయి. ఇద్దరు వేటగాళ్లు ఒకరి నైపుణ్యాన్ని మరొకరు నమ్ముకుని తరాలుగా నడిపిస్తున్న ఈ పద్ధతి మనిషికీ అడవి జంతువుకూ మధ్య నేటికీ మిగిలివున్న అతి కొద్ది పొత్తులలో ఒకటి.

లగూనా పక్కన ఉన్న పెద్ద ఉప్పునీటి సరస్సు ఒక ఇరుకైన కాలువ ద్వారా సముద్రంలో కలుస్తుంది. తెలుగు తీరంలో మొగ అని పిలిచే చోటు వంటిదే ఇది. శరత్కాలం ముగిసి చలి మొదలయ్యే మే, జూన్, జులై నెలల్లో, అంటే భూమధ్యరేఖకు దిగువన చలికాలం ప్రవేశించే వేళ, స్థానికులు తైన్యా అని పిలిచే ముల్లెట్ చేపలు గుడ్లు పెట్టడానికి ఈ తీరం వెంట గుంపులు గుంపులుగా వలస సాగిస్తాయి. పులికాట్ సరస్సు మత్స్యకారులకు బాగా పరిచయమున్న ముల్లెట్ కుటుంబానికి చెందినదే ఈ చేప కూడా. గుంపు ఎంత పెద్దదైనా మొగ దగ్గరి నీరు బురదతో మసకబారి ఉండడం వల్ల, నడుము లోతు నీటిలో నిలబడిన మనిషికి తన మోకాళ్లే కనిపించవు, ఇక చేపలు కనిపించే మాటే లేదు. ఈ పొత్తు పుట్టడానికి మూలకారణం ఆ మసకనీరే అనిపిస్తుంది. నీరు తేటగా ఉండి చేప కంటికి కనబడే చోట మనిషికి మరో ప్రాణి సాయం అంతగా అవసరపడదు.

ఇక్కడి డాల్ఫిన్లను శాస్త్రజ్ఞులు లాహీల్ బాటిల్‌నోస్ డాల్ఫిన్లు అంటారు, ఊరివాళ్లు బోతో అంటారు. బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఇవి భారీ శరీరం గలవి, పెరిగినవి మూడు మీటర్లు దాటుతాయి. వీపు ముదురు బూడిద రంగులోనూ, పొట్ట లేత రంగులోనూ ఉండడం వల్ల పైనుంచి చూసినప్పుడు చీకటి నీటిలోనూ, కిందినుంచి చూసినప్పుడు వెలుతురులోనూ శరీరం కలిసిపోతుంది. ఊపిరితిత్తులతో శ్వాసించే క్షీరదాలు కాబట్టి తల మీది శ్వాసరంధ్రాన్ని తెరవడానికి ఇవి తరచూ నీటిపైకి రాక తప్పదు, వచ్చినప్పుడల్లా ముందుగా కంటబడేది వీపు మీది రెక్క. ఒక డాల్ఫిన్‌ను మరో డాల్ఫిన్ నుంచి వేరుగా గుర్తించడానికి ఆధారం కూడా ఆ రెక్కే. తోటి డాల్ఫిన్ల పళ్ల గాట్లవల్లా, వలల రాపిడివల్లా దాని వెనుక అంచున ఏర్పడే నొక్కులూ చీలికలూ ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండవు. పరిశోధకులు ఫొటోలు తీసి పోల్చి చూసే ఈ గుర్తులను లగూనా మత్స్యకారులు ఎప్పటినుంచో కంటితోనే చదువుతున్నారు. స్కూబీ, కరోబా వంటి పేర్లు పెట్టి, ఏది ఎటువైపు నుంచి చేపలను తోలుకొస్తుందో, ఏది తొందరపడుతుందో, ఏది నిదానంగా ఉంటుందో చెప్పగలుగుతారు.

మనిషికి లేని చూపు డాల్ఫిన్‌కు ధ్వని రూపంలో ఉంది. నుదుటి లోపల ఉన్న మెలన్ అనే కొవ్వుముద్ద గుండా అది టిక్ టిక్ మనే సూక్ష్మధ్వనులను ముందుకు పంపుతుంది, అవి చేపలకూ నేలకూ తగిలి వెనక్కి వచ్చినప్పుడు ఆ ప్రతిధ్వనులను కింది దవడలోని కొవ్వు ద్వారా లోపలి చెవికి చేరవేసుకుంటుంది. ప్రతిధ్వని స్థాన నిర్ధారణ అని పిలిచే ఈ శక్తి వల్ల బురదనీరు డాల్ఫిన్‌కు అడ్డంకి కాదు. అయినా ముల్లెట్ గుంపు వేగంగా కదిలేది, కలిసికట్టుగా మెలికలు తిరిగేది కావడంతో, ఎక్కడుందో తెలిసినంత మాత్రాన అందులోంచి ఒక చేపను విడదీసి పట్టడం తేలిక కాదు. గుంపును చెదరగొట్టడానికి ఒక అడ్డు కావాలి. వరుసగా నిలబడిన మనుషులూ, వారి వలలూ ఆ అడ్డుగా పనికొస్తాయి.

తెసౌరా రేవు వంటి చోట్ల మత్స్యకారులు ఒడ్డుకు సమాంతరంగా నీటిలో వరుస తీరి నిలబడతారు. నిలబడే చోట్లు పరిమితం కాబట్టి మిగిలినవారు తమ వంతు కోసం ఒడ్డున వేచి ఉంటారు. వరుసలో ఉన్నవారి చేతిలోని వల తరాఫా, అంటే అంచు చుట్టూ సీసపు గుళ్లు కట్టిన గుండ్రని విసురువల. గోదావరి, కృష్ణ ఒడ్డున వల విసిరినవారెవరైనా దాన్ని చూడగానే గుర్తుపడతారు. వల అంచును కొంత మోచేతి మీద, కొంత భుజం మీద మడతలుగా సర్దుకుని, తాడు చివరను మణికట్టుకు చుట్టుకుని, చేతులు కదపకుండా మనిషి ఎదురుచూస్తాడు. అవసరమైతే ఆ నిరీక్షణ గంటల తరబడి సాగుతుంది. డాల్ఫిన్ గుంపును లోతునుంచి ఒడ్డువైపు తోలుకుంటూ వస్తున్నంతసేపూ వల విసరకూడదు. ఆ తరువాత అది చేసే ఒకానొక కదలికను సంకేతంగా తీసుకోవాలి. అది తలను నీటిపై చరచడం కావచ్చు, తోకతో కొట్టడం కావచ్చు, వీపును ఎత్తుగా వంచి హఠాత్తుగా మునగడం కావచ్చు. ఆ సంకేతం ఏ డాల్ఫిన్‌ది, అది ఎవరి ఎదుట, ఎంత దూరంలో, ఏ దిక్కుకు తిరిగి ఇచ్చిందన్నదాన్ని బట్టి వరుసలోని ఒకరిద్దరే వల విసరవలసి ఉంటుంది. నడుము మెలితిప్పి విసిరిన వల గాలిలో పూర్తిగా విచ్చుకుని, గుళ్లన్నీ ఒకేసారి నీటిని తాకేలా పడాలి. ఒక పక్క ముందుగా పడితే చేపలు మరో పక్కనుంచి జారిపోతాయి. విసరడం సాధనతో ఎవరికైనా పట్టుబడుతుంది. ఆ క్షణాన్ని ఎంచుకోవడంలోనే ఈ కళ అంతా ఉంది, అది ఏళ్ల తరబడి నీటిలో నిలబడి నేర్చుకునేది తప్ప నోటితో చెప్పి నేర్పేది కాదు.

ఈ పొత్తులో డాల్ఫిన్లకు నిజంగా ఏమైనా దక్కుతుందా, లేక వాటి వేటను మనిషి కేవలం వాడుకుంటున్నాడా అన్న సందేహం చాలాకాలం నిలిచిపోయింది. మౌరీసియో కాంతోర్, డామియన్ ఫరీన్, ఫాబియో దౌరా జోర్జి 2023లో ప్రచురించిన పరిశోధన దీనికి గట్టి సమాధానం ఇచ్చింది. డ్రోన్లతో పైనుంచీ, నీటిలోపలి మైక్రోఫోన్లతో కిందినుంచీ వేటను ఒకేసారి గమనించిన ఆ పరిశోధకులు, డాల్ఫిన్లు ఉన్నప్పుడు మత్స్యకారుల వలలో చేప పడే అవకాశం 17 రెట్లు ఎక్కువనీ, సంకేతానికి సరిగ్గా వల కలిసినప్పుడు దాదాపు నాలుగు రెట్లు చేపలు పడతాయనీ తేల్చారు. వారు లెక్కించిన 4,955 ముల్లెట్లలో 86 శాతం ఇలా ఇద్దరి లయా కలిసిన సందర్భాల్లోనే దొరికాయి. అంతకన్నా విలువైన విషయం నీటి అడుగున బయటపడింది. వల సకాలంలో పడినప్పుడు డాల్ఫిన్లు ఎక్కువసేపు మునిగి ఉండి, తమ టిక్ ధ్వనుల వేగాన్ని పెంచి, చివరకు చేపను పట్టే ముందు వినిపించే ఝుంకారానికి చేరుకున్నాయి. వల ఆలస్యమైతే ఆ వేట జరగలేదు. అంటే వల పడగానే చెల్లాచెదురైన గుంపునుంచి విడివడిన చేపలను డాల్ఫిన్ ఒడిసి పట్టుకుంటోంది, మనిషి సరిగ్గా స్పందించాడో లేదో దానికి తెలుస్తోంది. మనుషులతో కలిసి వేటాడే డాల్ఫిన్ల మనుగడ రేటు మిగిలినవాటికన్నా 13 శాతం ఎక్కువ అని కూడా అదే పరిశోధన అంచనా కట్టింది. అవి ఎక్కువ సమయం వేట రేవుల దగ్గరే గడపడం వల్ల సరస్సులో ఇతరులు అక్రమంగా పన్నే వలల్లో చిక్కుకునే ప్రమాదం వాటికి తగ్గుతుంది.

లగూనాలో నివసించే యాభై అరవై డాల్ఫిన్లన్నీ ఈ పనికి రావు. వాటిలో ఒక భాగమే మనుషులతో కలుస్తుంది. అటువంటివాటిని మత్స్యకారులు మంచి బోతోలనీ, కలవనివాటిని చెడ్డ బోతోలనీ వేరుచేసి చెప్పుకుంటారు. కలిసి వేటాడేవి తమలో తాము ఎక్కువగా స్నేహం చేస్తాయని 2012లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పిల్ల డాల్ఫిన్ ఏళ్లపాటు తల్లిని అంటిపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి, తల్లి ఒడ్డుకు గుంపును తోలే తీరు చూస్తూనే అది పెరుగుతుంది. ఒడ్డున కొడుకు తండ్రి పక్కన నిలబడి నేర్చుకుంటున్నదీ ఆ వేటనే. ఒకే విద్య రెండు జాతుల్లో, రెండు తరాల గుండా, పక్కపక్కనే అందుతుండడం ఈ సంప్రదాయానికి సాటిలేని విలువనిస్తోంది.

ఈ తరహా వేట లగూనాకే పరిమితం కాదు. అదే తీరంలో దక్షిణాన ఉన్న త్రమందాయ్‌లోనూ ఇది కనిపిస్తుంది. నేటి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని ఒక ఉప్పునీటి సరస్సులో మనుషులూ డాల్ఫిన్లూ కలిసి ముల్లెట్లను పట్టే తీరును రోమన్ రచయిత ప్లీనీ ఒకటవ శతాబ్దిలోనే వర్ణించాడు. ఆఫ్రికాలోని మారిటేనియా తీరంలో ఇమ్రాగెన్ జనం కర్రలతో నీటిని కొట్టి డాల్ఫిన్లను పిలిచేవారు. మయన్మార్‌లోని ఐరావతీ నదిలో విసురువల జాలర్లు పడవ అంచును కర్రతో తట్టి ఐరావతీ డాల్ఫిన్లను పిలుస్తారు, వాటి రక్షణ కోసం అక్కడ 2005లో నదిలో కొంత మేర ప్రత్యేక ప్రాంతంగా ప్రకటించారు. నేడు మన పొరుగున చిలికా సరస్సులో బతుకుతున్న ఆ డాల్ఫిన్ జాతిని రిచర్డ్ ఓవెన్ 1866లో మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించింది విశాఖపట్నం రేవులో దొరికిన నమూనా ఆధారంగానే. తెలుగు తీరానికి ఈ కథతో ఉన్న బంధం అది.

లగూనా వేటకు నేడు ఎదురవుతున్న ముప్పు వేట రేవులో పుట్టినది కాదు. బహిరంగ సముద్రంలో పెద్ద ఓడలు ముల్లెట్లను వలస దారిలోనే భారీగా పట్టేయడంతో మొగ దాకా చేరే చేపలు తగ్గుతున్నాయి. చేపలు రాని ఏడాది డాల్ఫిన్ ఒడ్డుకు రావడానికి కారణమూ ఉండదు, యువకుడు వరుసలో నిలబడి నేర్చుకోవడానికి అవకాశమూ ఉండదు. మరోపక్క క్యాట్‌ఫిష్ కోసం నీటిలో గోడలా నిలబెట్టి వదిలేసే అక్రమ వలల్లో చిక్కుకుని, ఊపిరికోసం పైకి రాలేక డాల్ఫిన్లు చనిపోతున్నాయి. పొలాలనుంచీ పట్టణాలనుంచీ వచ్చి చేరే కాలుష్యం, చర్మవ్యాధులు దీనికి తోడవుతున్నాయి. యాభై అరవై ప్రాణులున్న సమూహంలో ఒక్క అనుభవశాలి తల్లి వలలో పడి పోయినా, దానితోపాటు ఒడ్డున పేరుపెట్టి పిలిచే ఒక గురువు పోయినట్టే, ఆ లోటును తీర్చడం కొత్తగా డాల్ఫిన్లను తెచ్చి వదలడం వల్ల సాధ్యం కాదు. బ్రెజిల్ ప్రభుత్వం 2016లో ఒక చట్టం ద్వారా లగూనాను వేట డాల్ఫిన్ల జాతీయ రాజధానిగా గుర్తించింది. ఆ గౌరవం పట్టణానికి దక్కవలసినదే. కాని ముల్లెట్ వలసకాలంలో సముద్రంలో పట్టే పరిమాణానికి హద్దు పెట్టడం, సరస్సులోంచి అక్రమ వలలను తీసివేయించడం అన్న రెండు పనులూ దానికి జతకూడితేనే వచ్చే మే నెలలోనూ తెసౌరా రేవు వరుసలో నిలబడినవారికి ఎదురుచూడదగినది ఏదైనా ఉంటుంది. వీటిలో రెండవది ఓడల యజమానులతోనూ కోటాలతోనూ ముడిపడని పని, సరస్సు పరిధిలోనే అమలు చేయదగినది, దాని ఫలితం డాల్ఫిన్ల మనుగడలో తొందరగానే కనబడుతుంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టడం సబబు.